బుట్టదాఖలైన ఏడాది

ఒక ప్రాంతీయ బాస్కెట్‌బాల్ సంఘం వారి వార్షిక నివేదిక చేతికందింది. ఏ సంఘమో చెప్పను. చెప్పకపోతే ప్రతి సంఘమూ తన గురించే అనుకుంటుంది, చెబితే ఒక్కటే బాధపడుతుంది. పంచుకోవడం మంచిది కదా. దళసరి అట్ట, నిగనిగలాడే కాగితం, పైన బంగారు అక్షరాల్లో 'ఎదుగుదల, సవాళ్లు'. ఈ రెండు మాటలూ పక్కపక్కన కనిపిస్తే నేను భక్తిగా కళ్లద్దాలు తుడుచుకుంటాను. నివేదిక ఆసాంతం చదివాక ఒక సంగతి తేలింది. ఈ సంఘాన్ని తిట్టిపోస్తున్న వాళ్లకు బాస్కెట్‌బాల్ చరిత్ర తెలియదు. తెలిసి ఉంటే నోరెత్తేవారు కారు.

ముందు ఎదుగుదల సంగతి. ఈ ఆటలో ఎదగడమంటే నిలువునా ఎదగడమేనని పామరుల భ్రమ. రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి పొడుగు పిల్లలను వెతికి తీర్చిదిద్దాలని వాళ్ల వాదన. సంఘం మాత్రం అడ్డంగా ఎదిగింది. ఉపాధ్యక్షులు పెరిగారు. సహాయ కార్యదర్శులు పెరిగారు. గౌరవ సలహాదారులకు సలహాలివ్వడానికి ఒక ఉపసంఘం పుట్టింది. వార్షికోత్సవం నాడు వేదిక మీద కుర్చీలు చాలక, కింద ఆటగాళ్లు కూర్చున్న బెంచీని పైకెక్కించారు. ఆటగాళ్లు నిలబడ్డారు. కాళ్లకు బలం.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కనిపెట్టినప్పుడు ఆయనకు కార్యవర్గం లేదు. పై అధికారి పెట్టిన పద్నాలుగు రోజుల గడువు, ఒక ఫుట్‌బాల్, పీచ్ పండ్ల బుట్టలు రెండు, పదమూడు నిబంధనలు రాసిన కాగితం, అంతే ఆయన ఆస్తి. ఫలితం ఏమైంది? జట్టుకు తొమ్మిదేసి మంది చెమటోడ్చి ఆడితే మొత్తం మీద ఒకే ఒక్క గోల్ పడింది. పర్యవేక్షణకు ఉపసంఘం లేకపోతే అంతే మరి.

అయినా ఆయన మనకొక గొప్ప సంప్రదాయం మిగిల్చారు. ఆ బుట్టలకు అడుగు ఉండేది. పడ్డ బంతి అందులోనే ఉండిపోయేది, ఎవరో ఒకరు నిచ్చెనెక్కి తీయాల్సి వచ్చేది. తరువాతి వాళ్లు తొందరపడి అడుగు తీసేశారు గానీ, మన సంఘం కోశాధికారి ఆ తొలినాటి బుట్టను పదిలంగా కాపాడుతున్నారు. పై నుంచి పడిన గ్రాంటు పడ్డట్టే ఉంటుంది, కిందికి జారదు. జీతం బకాయి కోసం ఒక కోచ్ నిచ్చెన వేసుకుని వెళితే, ముందు ఆ నిచ్చెనకు అనుమతి పత్రం చూపమన్నారట.

ఇక సవాళ్లు. మొదటిది ఇండోర్ స్టేడియం పైకప్పు. వానాకాలమంతా కారిందని నివేదికే ఒప్పుకుంది. దీని మీద గిట్టనివాళ్లు నానా యాగీ చేశారు. వాళ్లకు 1936 బెర్లిన్ గుర్తు చేయాలి. ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌కు మొదటిసారి పతకాలిచ్చిన ఆ ఏడాది మ్యాచ్‌లు ఆరుబయట, టెన్నిస్ కోర్టుల మట్టి మీద జరిగాయి. ఫైనల్ రోజున వాన. బురదలో వేసిన బంతి లేవదు, నేలకేసి కొట్టుకుంటూ పోయే డ్రిబుల్ మాటే లేదు. అమెరికా 19, కెనడా 8. నైస్మిత్ అంతటి వాడు స్వయంగా హాజరైన ఆ ఒలింపిక్స్ వాతావరణాన్ని మన సంఘం జూనియర్ పిల్లలకు ఇంటి కప్పు కిందే అందిస్తోంది. ఇందులో వారి కృషిని తక్కువ చేయకూడదు. బెర్లిన్‌లో వాన దానంతట అదే వచ్చింది. ఇక్కడ దాన్ని లోపలికి రప్పించడానికి ఏళ్ల తరబడి మరమ్మతు టెండరు పిలవకుండా ఉండాల్సి వచ్చింది. కారిన చోటల్లా బకెట్లు పెట్టారు. పిల్లలు వాటి మధ్య నుంచి మెలికలు తిరుగుతూ బంతి కొట్టుకుంటూ పోవడం నేర్చారు. నివేదికలో ఇది 'ఆధునిక డ్రిబ్లింగ్ శిక్షణ' పద్దు కింద ఉంది. బకెట్ల ఖరీదు కూడా అక్కడే ఉంది.

కోర్టు పొడవు 28 మీటర్లుండాలి. ఒక సగంలో విరిగిన కుర్చీలు పేర్చినందువల్ల మిగిలింది సగమే. ఇదీ దూరదృష్టే. ముగ్గురేసి ఆటగాళ్లు సగం కోర్టులో ఆడే పద్ధతి 2021లో జరిగిన టోక్యో క్రీడలతో ఒలింపిక్స్‌లోకి వచ్చింది కదా. ప్రపంచం సంప్రదింపులు జరిపి చేరిన చోటికి మనవాళ్లు కుర్చీలు విరగ్గొట్టి చేరుకున్నారు.

నన్ను అన్నింటికన్నా కదిలించింది టోర్నమెంట్ తేదీ వ్యవహారం. కాస్త చరిత్ర చెప్పక తప్పదు. 1950 నవంబరు 22న అమెరికాలో ఫోర్ట్ వేన్ జట్టు, మినియాపొలిస్ లేకర్స్ మీద గెలవాలంటే ఆడకపోవడమే మార్గమని గ్రహించింది. బంతి చేతబట్టుకుని నిలుచుంది. స్కోరు 19-18. ఆడకుండా గెలవడం ఎంత ఉన్నతమైన విద్య! అసూయపరులు ఊరుకుంటారా? 1954లో డానీ బయసోన్ అనే జట్టు యజమాని లెక్క వేశాడు. ఆట 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. రసవత్తరమైన ఆటలో రెండు జట్లూ కలిసి 120 షాట్ల దాకా వేస్తాయి. భాగిస్తే 24. ఆ 24 సెకన్లలోగా బంతిని బుట్ట వైపు విసిరి తీరాలన్నారు. అప్పటి నుంచి ఆటలో ఆలోచించుకునే తీరిక పోయింది.

దేవుడి దయ వల్ల ఆ గడియారాన్ని సంఘం కార్యాలయంలో ఇంకా ఎవరూ బిగించలేదు. ఈ ఏడాది లీగ్ తేదీలు ప్రకటించండి మహాప్రభో అని ఆటగాళ్లు ఒక అర్జీ పెట్టుకున్నారు. కార్యదర్శి దాన్ని సహాయ కార్యదర్శికి అందించారు. ఆయన చూడకుండానే, వీపు వెనుక నుంచి, కోశాధికారికి వేశారు. కోశాధికారి అధ్యక్షులకు, అధ్యక్షులు సాంకేతిక ఉపసంఘానికి, ఉపసంఘం తిరిగి కార్యదర్శికి. ఒక్కసారైనా అర్జీ నేల తాకలేదు, ఒక్క చేతిలోనూ ఎక్కువసేపు నిలవలేదు. పాసింగ్‌లో ఇంతటి అవగాహన నేను ఏ జట్టులోనూ చూడలేదు. ఆఖరికి అది బుట్టదాఖలైంది. బాస్కెట్‌బాల్ సంఘంలో ఒక కాగితానికి అంతకన్నా గౌరవప్రదమైన గమ్యం ఏముంటుంది? కొందరు దీనికి మూడు పాయింట్లు ఇవ్వాలంటున్నారు. నేనొప్పుకోను. కార్యదర్శి బల్లకూ చెత్తబుట్టకూ మధ్య, మూడు పాయింట్ల షాటుకు కావాల్సిన 6.75 మీటర్లు లేవు. రెండే ఇవ్వాలి. నిబంధన నిబంధనే.

అధ్యక్షుల వారి మీద వచ్చే విమర్శ కూడా ఇలాంటిదే. ఎన్నేళ్లయినా కుర్చీ వదలరంటారు. బంతి పట్టుకున్నవాడు ఒక కాలిని నేలకు ఆనించి, రెండో కాలితో ఎటు కావాలంటే అటు తిరగవచ్చు. దాన్ని పివట్ అంటారు, అది తప్పు కాదు. వారు ఒక కాలు కుర్చీ దగ్గర ఆనించి ఒకసారి అధ్యక్షులుగా, ఒకసారి పోషకులుగా, మరోసారి తాత్కాలిక కన్వీనరుగా తిరిగారు. ఆనించిన కాలు కదిలిందని ఎవరైనా చెప్పగలరా? ప్రయాణ భత్యాల గొడవా అంతే. బంతి పట్టుకుని నడిస్తేనే ట్రావెలింగ్ అనే తప్పు. వీరు పర్యటనలకు వెళ్లేటప్పుడు బంతిని ఎప్పుడూ వెంట తీసుకెళ్లలేదు. జట్టును కూడా.

అన్నట్టు, ఈ ఏడాది అమ్మాయిల జట్టు ఒక కప్పు గెలిచింది. నివేదికలో వెతగ్గా వెతగ్గా చివరి పేజీలో ఫొటో దొరికింది. కప్పు కార్యదర్శి చేతిలో ఉంది. కార్యవర్గం రెండు వరుసల్లో నిలుచుంది. వెనుక సగం నుదురు, ఒక జడ కనిపిస్తున్నాయి. జట్టులోకెల్లా పొడుగమ్మాయిదై ఉండాలి. ఆటలో ఎత్తు ఉపయోగపడుతుందనడంలో అబద్ధం లేదు.

సర్వసభ్య సమావేశానికి నేనూ వెళ్లాను. నివేదికను ఆమోదించేవారు చేతులెత్తమన్నారు. లెక్క సరిగ్గా రాలేదని మళ్లీ ఎత్తమన్నారు, ఇంకోసారి ఎత్తమన్నారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్ ఫైనల్‌లో చివరి క్షణాలను మళ్లీ మళ్లీ ఆడించి, 51-50తో ఫలితం తారుమారయ్యాక ఆపారు. ఓడిన అమెరికా జట్టు రజత పతకాలు ముట్టుకోలేదు. ఇక్కడ అలాంటి పట్టింపులు కనబడలేదు. ఇచ్చిన జ్ఞాపికలన్నీ అందరూ తీసుకున్నారు.

మధ్యలో గాలి కోసం బయటికొచ్చాను. సగం కోర్టులో అమ్మాయిలు సాధన చేస్తున్నారు. ఉన్న ఒక్క బంతీ వంగిన రింగుకూ బోర్డుకూ మధ్య ఇరుక్కుపోయింది. జడ అమ్మాయి విరిగిన కుర్చీల మీద కుర్చీలు పేర్చి ఎక్కింది. ఇద్దరు కింద పట్టుకున్నారు. వేళ్లు అందలేదు. చెప్పు విప్పి కొట్టింది. రెండో దెబ్బకు బంతి కింద పడింది. సరిగ్గా అప్పుడే లోపల హాలు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. ఆ పిల్లలు ఉలిక్కిపడి అటు చూశారు. ప్రయాణ భత్యాల తీర్మానం నెగ్గిందని తలుపు దగ్గర ఉన్నాయన చెప్పాడు.