పక్షవాతం నుంచి కోలుకోవడానికి మూడు నెలలే గడువా?

"పక్షవాతం వచ్చాక మూడు నెలల్లో ఎంత బాగుపడితే అంతే. నడిచాడంటే నయమైనట్టే. ఆ తర్వాత ఫిజియోథెరపీ డబ్బు దండగ." వాట్సాప్‌లో తిరిగే ఈ మాటలు నమ్మి ఎన్నో ఇళ్లలో వ్యాయామం మానిపించేస్తున్నారు. ఇది చాలా బాధాకరం.

ముందు మూడు నెలల సంగతి. తొలి వారాల్లో మెరుగుదల వేగంగా ఉంటుందన్నది నిజమే. తర్వాత నెమ్మదిస్తుంది, అంతేగానీ ఆగిపోదు. స్ట్రోక్ మందుల పరిశోధనల్లో రోగి స్థితిని సాధారణంగా 90వ రోజున లెక్కగడతారు. అది పరిశోధకులు తమ లెక్క కోసం పెట్టుకున్న తేదీ, కోలుకోవడం ఆగిపోయే గడువు కాదు. అమెరికాలో 408 మందితో జరిగి 2011లో వెలువడిన లీప్స్ అధ్యయనంలో కొందరికి ట్రెడ్‌మిల్ మీద నడక శిక్షణ రెండో నెలలో మొదలుపెట్టారు, కొందరికి ఆరో నెలలో. స్ట్రోక్ వచ్చి ఏడాది తిరిగేసరికి ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లూ మిగతావాళ్లతో సమానంగా మెరుగుపడ్డారు. లండన్ క్వీన్ స్క్వేర్‌లోని నరాల ఆసుపత్రిలో చేతికి మూడు వారాల్లో 90 గంటల శిక్షణ ఇస్తారు. అక్కడికి వచ్చినవాళ్లలో సగం మందికి స్ట్రోక్ వచ్చి ఏడాదిన్నర దాటింది. అయినా చెయ్యి మెరుగుపడింది. అందరికీ అంత ఫలితం రాదు, అంత సాధనా అందరికీ దొరకదు. కానీ "ఇక రాదు" అని తేల్చేయడం తప్పు.

నడిస్తే నయమైనట్టేనా? స్ట్రోక్ తర్వాత మిగిలిన వైకల్యాన్ని కొలవడానికి డాక్టర్లు వాడే ర్యాంకిన్ స్కేలులో 0 అంటే ఏ ఇబ్బందీ లేదు, 6 అంటే మరణం. తనంతట తాను నడుస్తున్నా పనుల్లో కొంత సాయం కావాల్సిన మనిషికి అందులో పడేది 3. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో కొలిచే బార్తెల్ ఇండెక్స్‌లో తినడం, స్నానం, బట్టలు, మెట్లు వంటి పది అంశాలకు కలిపి 100 మార్కులు. మాట, జ్ఞాపకశక్తి అందులో లేనే లేవు. వందకు వంద వచ్చిన మనిషి ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడలేకపోవచ్చు, దిగులుతో కుంగిపోతూ ఉండవచ్చు. ఇంట్లోవాళ్లు అడిగి తెలుసుకోవాల్సింది ఇవే.

ఇక డబ్బు. లీప్స్‌లోనే మూడో బృందానికి ఫిజియోథెరపిస్టు ఇంటికెళ్లి వ్యాయామాలు చేయించారు. ఫలితం ట్రెడ్‌మిల్‌తో సమానం. ఖరీదైన యంత్రాలు లేవని బెంగ అక్కర్లేదు. అలాగని అంతా ఇంట్లోవాళ్లకే వదిలేయకూడదు. మన దేశంలో 1,250 మందితో చేసిన అటెండ్ అధ్యయనంలో కుటుంబసభ్యులకు నేర్పి చేయించినందువల్ల అదనపు మేలు కనిపించలేదు.

వ్యాయామం ఆపాలా వద్దా అన్నది కొలిచి చెప్పాలి. పది మీటర్లు నడవడానికి ఎన్ని సెకన్లు పట్టింది, చెయ్యి ఎంత ఎత్తుకు లేచింది, చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నారా? ఇవన్నీ నెలనెలా రాసిపెట్టమని ఫిజియోథెరపిస్టును అడగండి.