పూల బొమ్మలు వేసే ఆడపిల్లకు ఎంతిస్తున్నాం?

పూల బొమ్మలకు పేరుపడ్డ డచ్ చిత్రకారిణి రాచెల్ రూయిష్ పేరెత్తితే చాలు, పది మంది పిల్లల తల్లయి ఉండి కూడా బొమ్మలు వేసిందని మొదలుపెడతారు. గొప్పే, కాదనను. కానీ ఆ మెచ్చుకోలు వెనకాల, ఇంటిపని తీరాక మిగిలిన టైంలో ఏదో గీసుకుందన్న లెక్క ఉంది. అది తప్పు. ఆమెకు అది వృత్తి, ఇంటికి డబ్బు తెచ్చిన పని.

1664లో హాలండ్‌లో పుట్టి ఆమ్‌స్టర్‌డామ్‌లో పెరిగింది. తండ్రి పేరున్న ప్రొఫెసర్, ఆయన సేకరణ నిండా ఎండబెట్టిన మొక్కలు, పురుగులు, సీసాల్లో దాచిన జీవులు. పదిహేనేళ్లకే ఆమెను విలెమ్ వాన్ ఆల్స్ట్ అనే పెద్ద చిత్రకారుడి దగ్గర శిష్యరికానికి పెట్టాడు. అన్నిటికన్నా ఈ నిర్ణయమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. అప్పట్లో ఆడవాళ్లు నగ్న మోడళ్లను చూసి గీయడం నేర్చుకునే వీల్లేదు, అది రాకపోతే పురాణ, చారిత్రక చిత్రాల జోలికి పోవడం కష్టం. మిగిలింది పూలు, పండ్లు. ఆ మిగిలినదాంట్లోనే ఆమె ఒక్కో బొమ్మకు 750 నుంచి 1,200 గిల్డర్ల (అప్పటి డచ్ డబ్బు) దాకా తీసుకుంది. అదే దేశపు మహా చిత్రకారుడు రెంబ్రాంట్‌కు బొమ్మకు 500 దాటడం అరుదు. 1708లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ పాలకుడు ఆస్థాన చిత్రకారిణిగా పెట్టుకున్నాడు. 1747లో, ఎనభై మూడేళ్ల వయసులో కూడా వేసింది.

ఆమె బొమ్మ ఒకటి ఫోన్‌లోనైనా సరే జూమ్ చేసి చూడండి. వెనక చీకటి, మధ్యలో వెలుగు పడ్డ గులాబీలు, వంగిపోయిన కాడలు, పురుగు కొరికిన ఆకుకు చిల్లులు. అసలు ఆ పూలన్నీ ఒకే రోజు ఒకే కుండీలో ఉండే వీలే లేదు. వేర్వేరు కాలాల్లో పూసేవాటిని దేన్నప్పుడు దాన్ని చూసి గీసిపెట్టుకుని, తర్వాత ఒక్కచోట కూర్చింది. మన బతుకమ్మకు అట్లా కుదరదు, తంగేడు, గునుగు, కట్ల, ఆ రోజుల్లో చెలకల్లో పూసిందే తేవాలి. అయినా వరసకు వరస రంగు కుదిరేదాకా మన అమ్మలు, అక్కలు పట్టే పట్టు చూసినవాళ్లకు రూయిష్ శ్రద్ధ గురించి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే చూసే కన్ను మన దగ్గర లేదంటే ఒప్పుకోను. నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు బడుల్లో డ్రాయింగ్ బాగా వచ్చే ఆడపిల్లలు ఉన్నారు, లోయర్ గ్రేడ్ పరీక్ష రాయిస్తే రాస్తారు కూడా. తర్వాత? ఫైన్ ఆర్ట్స్ అనగానే హైదరాబాద్, హాస్టల్, ఫీజు, ఇంట్లో టెన్షన్, చివరికి బీఎస్సీ చెయ్యి బిడ్డా, బొమ్మలు సెలవుల్లో వేసుకో అంటారు. పెళ్లయ్యాక కోడలు వేసిన పూలకుండీ బొమ్మను హాల్లో తగిలించి వచ్చిన చుట్టాలందరికీ చూపిస్తారు, మాకూ ఒకటి వేసియ్యమ్మా అని వాళ్లు అడుగుతారు, ఆమె రాత్రిళ్లు కూర్చుని వేసిస్తుంది. ఫ్రేమ్ కట్టినాయనకు మాత్రం లెక్కగా డబ్బులిస్తారు.

ఈసారి అడిగేటప్పుడు రేటెంతని అడగండి. ఏం వద్దులే అత్తమ్మా అంటే ఊరుకోకండి, రంగులు, కాన్వాసు ఖర్చు మీద ఆమె కూలి కూడా వేసి ముందే చేతిలో పెట్టండి.