ముల్లు ఊగితే చాలు, మీటర్ బోర్డు మార్చేయడమేనా?

ఇవాళ మళ్లీ అదే. వ్యాన్ మీటర్ బోర్డులో, అంటే డ్రైవర్ ముందు ముళ్లుండే ప్యానెల్‌లో, డీజిల్ ముల్లూ టెంపరేచర్ ముల్లూ కలిసి ఊగుతున్నాయంటే, మెకానిక్ చెయ్యి కూడా పెట్టకుండానే "బోర్డు పోయింది, మొత్తం మార్చాలి" అని తేల్చేశారు. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తీయలేదు. హెడ్‌లైట్లు వేసి చూడలేదు. ఒళ్లు మండిపోతోంది.

ట్యాంకులో డీజిల్ మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోటూ, ఇంజిన్ మీద వేడి కొలిచే సెన్సరూ ఒకే రోజు పాడవుతాయా? రెండు ముళ్లు ఒకేసారి తప్పు చూపిస్తే ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. ఫ్యూజ్, బోర్డు ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగి వెళ్లే దారి), పాత బళ్లలో అయితే ముళ్లకి నిలకడగా వోల్టేజీ ఇచ్చే, బోర్డు వెనకుండే వోల్టేజ్ స్టెబిలైజర్. లైట్లు వెయ్యగానే ముళ్లు జరిగితే ముందు ఎర్త్‌నే అనుమానించాలి. ఇగ్నిషన్, లైట్లు ఆన్‌లో పెట్టి, మల్టీమీటర్ నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్‌కి, ఎర్ర వైరు బోర్డు ఎర్త్ పిన్నుకి తాకించండి. 0.1 వోల్టు లోపు ఉంటే సరే. అర వోల్టు చూపిస్తే దోషం అక్కడే. ఎర్త్ బోల్టు విప్పి, తుప్పూ పెయింటూ గీకి బిగిస్తే పని అయిపోతుంది. దీనికి కొత్త బోర్డా?

ఒక్క ముల్లే తప్పు చూపిస్తుంటే దాని వైరు వెంట వెళ్లండి. ముల్లుకి సెన్సర్ నుంచి నేరుగా వైరు వచ్చే పాత బళ్లలో టెంపరేచర్ సెన్సర్ కనెక్టర్ పీకితే ముల్లు చల్లని వైపు పడిపోవాలి. ఆ వైరుని క్షణం పాటు ఎర్త్‌కి తాకిస్తే వేడి వైపు పోవాలి. పోయిందా, వైరూ బోర్డూ బాగున్నట్టే, సెన్సర్ మార్చండి. ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ద్వారా రీడింగ్ వచ్చే కొత్త బళ్లలో మాత్రం ఇలా తాకించొద్దు! ఆ కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టి, అప్పటికప్పుడు వచ్చే రీడింగులు (లైవ్ డేటా) చూడండి. స్కానర్ 90 డిగ్రీలు అంటూ ముల్లు కింద పడుకుని ఉంటేనే బోర్డు మాట ఎత్తాలి.

డీజిల్ ముల్లు సగం దగ్గరే గెంతుతుంటే ఫ్లోట్ యూనిట్‌లో రెసిస్టెన్స్ ట్రాక్ (ఫ్లోట్ చెయ్యి రాసుకుంటూ జరిగే పట్టీ) అక్కడ అరిగి ఉంటుంది. ట్యాంకు నిండినా ఖాళీ చూపిస్తే ఫ్లోట్‌కి చిల్లుపడి మునిగి ఉండొచ్చు. యూనిట్ బయటికి తీసి, మల్టీమీటర్‌ని రెసిస్టెన్స్ కొలిచే ఓమ్స్‌లో పెట్టి, ఫ్లోట్ మెల్లగా ఎత్తండి. అంకె ఎక్కడా తెగకుండా మారాలి.

ఇక లీకు రాకుండా మరలకి చుట్టే టెఫ్లాన్ టేపు! ఒక్క వైరే ఉండే టెంపరేచర్ సెన్సర్‌కి ఎర్త్ అందేదే ఇంజిన్‌లోకి బిగించే దాని మర ద్వారా. దానికి టేపు దట్టంగా చుట్టేస్తే ఎర్త్ సరిగా అందదు, ముల్లు తక్కువ చూపిస్తుంది, ఇంజిన్ మాత్రం కాగుతుంటుంది. కూలెంట్ బాగా తగ్గినా అంతే. సెన్సర్ నీళ్లలో కాకుండా గాలిలో ఉండిపోతుంది, ముల్లు దిగిపోతుంది, డ్రైవరేమో బండి చల్లగా ఉందనుకుంటాడు.

అసలు కోపం తయారీదారుల మీద. చాలా కొత్త బళ్లలో టెంపరేచర్ ముల్లుని మధ్యలోనే నిలిచేలా ప్రోగ్రాం చేశారు. వేడి పది డిగ్రీలు పెరిగినా కదలదు. ఆయిల్ ప్రెషర్ ముల్లయితే పీకేసి ఒక దీపం పెట్టారు. ఆ దీపం వెలిగేది ప్రెషర్ దాదాపు పోయాకే, అప్పటికి బేరింగులకి దెబ్బ తగిలి ఉండొచ్చు. ఆ ఒక్క దీపం కూడా పనిచేస్తోందో లేదో ఎవరూ చూడరు. తాళం తిప్పాక, స్టార్ట్ చేసే ముందు అది వెలగాలి. వెలగకపోతే బల్బూ, ఆయిల్ ప్రెషర్ స్విచ్చి వైరూ చూసేదాకా వ్యాన్ బయటికి తీయొద్దు.