పద్నాలుగో వారం టీకా రోజున ఆ మోచెయ్యి చూసేదెవరు?

చెయ్యి కదపని పసిబిడ్డతో ప్రసూతి వార్డు నుంచి ఇంటికెళ్లే తల్లికి తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా సాధారణంగా చెప్పే మాట ఒకటే: "ఏం భయం లేదమ్మా, కాన్పులో నరం కొంచెం సాగింది, అదే సర్దుకుంటుంది." ఈ మాట అబద్ధం కాదు. ఎక్కువమంది పిల్లల్లో నిజంగానే సర్దుకుంటుంది. కానీ సర్దుకోని పిల్లల్ని ఎప్పుడు, ఎక్కడ, ఎవరు గుర్తించాలో ఆ మాటలో ఉండదు. నా అభ్యంతరం అక్కడే.

మెడలోంచి బయల్దేరి చంక మీదుగా చేతిలోకి దిగే ఐదు నరాల మూలాల అల్లికను బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. కాన్పులో తల బయటికొచ్చాక భుజం తల్లి కటి ఎముక వెనక ఇరుక్కుంటే మెడ ఒక పక్కకు సాగి ఈ అల్లిక దెబ్బతింటుంది. పై రెండు మూలాలు దెబ్బతింటే దాన్ని ఎర్బ్స్ పాల్సీ అంటారు. చెయ్యి ఒంటికి అతుక్కుని, మోచెయ్యి మడవకుండా, అరచెయ్యి వెనక్కి తిరిగి వేలాడుతుంది. దేశాన్ని బట్టి లెక్క మారినా, సుమారుగా వెయ్యి కాన్పులకు ఒకటి నుంచి మూడు ఇలాంటివి ఉంటాయి. తల్లికి షుగర్ ఉన్నా, బిడ్డ బరువు ఎక్కువున్నా ముప్పు పెరుగుతుంది. ముందస్తు సూచనే లేకుండా జరిగేవీ చాలానే ఉన్నాయి కాబట్టి ప్రతి కేసులోనూ డాక్టరు లాగేశాడని ఊగిపోవడం న్యాయం కాదు. పైగా ఆ గొడవలో అందరూ మునిగి ఉండగా బిడ్డకు అసలు ముఖ్యమైన నెలలు గడిచిపోతాయి.

పాత వైద్య పుస్తకాలు నూటికి తొంభై మందికి పైగా పూర్తిగా కోలుకుంటారని రాశాయి. 2004లో నెదర్లాండ్స్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టి, నూటికి 20 నుంచి 30 మందిలో ఏదో ఒక లోపం మిగిలిపోతోందని తేల్చారు. "అదే సర్దుకుంటుంది" అన్న మాటకు ఇంకా ఆ పాత పుస్తకాల లెక్కే ఆధారం.

నరం సాగడమే అయితే వారాల్లో, నెలల్లో కోలుకుంటుంది. తెగితే, లేదా వెన్నుపాము దగ్గర మొదలంటా ఊడిపోతే దానంతటది అతుక్కోదు. కోలుకునే నరం కూడా రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది. ఈలోగా నరం అందని కండరం కరిగిపోతూ ఉంటుంది, ఏడాదిన్నర దాటాక నరం వచ్చి చేరినా పెద్దగా లాభం ఉండదు. అందుకే మూడో నెల నిండేసరికి బిడ్డ మోచెయ్యి మడుస్తోందా లేదా అన్నది కీలకం. మడవకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించాలని ఫ్రెంచ్ సర్జన్ అలాన్ గిల్బర్ట్ చెప్పిన కొలమానం ఇప్పటికీ చెలామణిలో ఉంది. కొందరు సర్జన్లు ఆరు నెలల దాకా, ఇంకొందరు తొమ్మిది నెలల దాకా చూస్తారు. తొమ్మిదో నెలలో బిడ్డ చేతికి బిస్కెట్ ఇచ్చి, మోచేతిని పక్కన ఆనించి పట్టుకుని, మెడ బాగా వంచకుండా నోటిదాకా తెచ్చుకోగలదా అని చూడటం అలాంటి పరీక్షే. పిల్లల డాక్టర్లకు ఇది తెలియని విషయం కాదు. బిడ్డ వాళ్ల దగ్గరికి చేరడమే ఆలస్యమవుతుంది.

దెబ్బ పెరగదు గానీ బిడ్డ పెరుగుతుంది. భుజాన్ని లోపలికి తిప్పే కండరాలు బలంగా, బయటికి తిప్పేవి బలహీనంగా ఉండటంతో, పెరిగే ఎముక ఆ లాగుడుకు తగ్గట్టు రూపు మార్చుకుంటుంది. గుండ్రంగా ఉండాల్సిన కీలు గుంట చదునవుతుంది, భుజం వెనక్కి జారుతుంది. ఇది మొదటి పుట్టినరోజు లోపే మొదలుకావచ్చు. చెయ్యి పొట్టిగా, అరచెయ్యి చిన్నగా మిగులుతాయి. స్పర్శ సరిగా లేని పిల్లలు కొందరు తమ వేళ్లనే కొరుక్కుంటారు. పెద్దయ్యాక భుజం నొప్పి ఉంటుంది, పనంతా మీద వేసుకున్న రెండో చెయ్యి కూడా అరుగుతుంది.

ఇంకో సంగతి ఉంది. ఈ దెబ్బ కుడి చేతికే ఎక్కువగా తగులుతుంది. మన ఇళ్లలో దానర్థం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ముద్ద నోటికి తెచ్చుకోవాలంటే ఆ పాప మోచేతిని పక్కకు, భుజం ఎత్తుకు లేపాలి. బంతిలో పక్కన కూర్చున్న పిల్లకు మోచెయ్యి తగులుతుంది. సరే అని ఎడమ చేత్తో తింటే అవ్వ కసురుతుంది. కొండ మీద ప్రసాదానికి ఎడమ చెయ్యి చాపితే లైన్లో ఎవరో ఒకరు "కుడి చెయ్యి పెట్టమ్మా" అంటారు. దెబ్బ ఎడమ చేతికైతే కడుక్కోవడం కష్టం, ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేరు. హైస్కూలుకు వచ్చే ఆడపిల్లకు రెండు జడలు ఎవరు వెయ్యాలి? లోదుస్తుల హుక్కు ఎవరు పెట్టాలి? వైకల్యం ఎంత శాతమో రాసే సర్టిఫికెట్లో వీటికి గడి ఉండదు.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన దారి, పుత్తూరు కట్టు. ఎముక విరిగితే అక్కడికి పరుగెత్తే అలవాటు మూడు రాష్ట్రాల జనానికి ఉంది, దాన్ని వెటకారం చేయను. కాన్పులో కాలర్ ఎముక విరిగినా బిడ్డ చెయ్యి కదపదు కాబట్టి ఇంట్లోవాళ్లు పొరబడటం సహజమే. కానీ నరం దెబ్బకు కట్టు వైద్యం కాదు. కట్టేసిన భుజం వారాల తరబడి కదలకపోతే బిగుసుకుంటుంది. దీనికి చేయాల్సింది సరిగ్గా తిరగేసిన పని. డాక్టరు సరేనన్నాక, మోచేతిని ఒంటికి ఆనించి ముంజేతిని మెల్లగా బయటికి తిప్పడం, బట్ట మార్చిన ప్రతిసారీ తల్లి చేయగలిగిన వ్యాయామం. ఫిజియోథెరపిస్టు ఒకసారి చేసి చూపిస్తే చాలు. నీళ్లు పోసే అవ్వకు కూడా నేర్పాలి, ఎందుకంటే రోజూ ఆ చెయ్యి పట్టుకునేది ఆమే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో కొన్ని ఆరోగ్య సమస్యలను గుర్తించమంటుంది. పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో వంకర పాదం ఉంది, ఈ చెయ్యి విడిగా లేదు. జాబితా మారేదాకా ఆగక్కర్లేదు. ఆశా కార్యకర్త 42 రోజుల దాకా ఇంటికొచ్చి బిడ్డను చూస్తుంది. చప్పుడుకు ఉలిక్కిపడినప్పుడు రెండు చేతులూ లేస్తున్నాయా అని ఆమె చూడొచ్చు. తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు. పద్నాలుగో వారం అంటే సరిగ్గా మూడు నెలలు దాటిన సమయం. ఆరోజు పోలియో ఇంజెక్షన్ వేసేది కుడి భుజానికే. నర్సమ్మ ఎలాగూ చొక్కా చేతిని పైకి తీస్తుంది. బిడ్డ ఏడుస్తూ ఆ మోచేతిని మడిచిందా లేదా అని చూసి, తల్లి కార్డు మీద ఒక ముక్క రాస్తే అయిపోతుంది. మడవకపోతే డీఈఐసీ అనే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. అక్కడి నుంచి నరాల ఆపరేషన్ చేసే చోటికి పంపాలి. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి పక్కనే ఉంది. సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులు బాగుచేసిన రోజుల నుంచీ అక్కడ చేతి శస్త్రచికిత్సకు పేరుంది.

ఇప్పటికే ఐదేళ్లో పదేళ్లో వచ్చేసిన పిల్లల సంగతి వేరు. నరం కలిపే గడువు దాటినా, పనిచేసే కండరాన్ని తీసుకొచ్చి బయటికి తిప్పేలా కుట్టడం, భుజం ఎముకను తిప్పి అమర్చడం లాంటి ఆపరేషన్లు ఉన్నాయి. కీలు చెడేకొద్దీ వీటి ఫలితం తగ్గుతుంది. పోలియో కాళ్లకు ఆపరేషన్లు చేసి పేరు తెచ్చుకున్న టీటీడీ బర్డ్ ఆసుపత్రి తిరుపతిలోనే ఉంది. అక్కడ ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించి, ఏం చేయొచ్చో తెలుసుకున్నాకే వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపుకు వెళ్లడం మంచిది. వికలాంగుల పింఛనుకు 40 శాతం వైకల్యం ఉండాలి. చెయ్యి కొంత ఆడే పిల్లలు తరచూ ఆ గీతకు ఇవతలే ఆగిపోతారు.