నోటికి అడ్డం వచ్చే నా కుడి అరచేతికి

గౌరవనీయులైన కుడి అరచేతి గారికి,

విషయం: నా నవ్వుకు కాపలా కాసే విధుల నుంచి మిమ్మల్ని తప్పించుట గురించి.

అన్నం కలపడానికి, సుద్దముక్క పట్టడానికి, హాజరు పట్టీలో సంతకం చేయడానికి ఉన్న మీరు, ఆరో తరగతిలో ఒకనాడు ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే నా నోటి ముందు అదనపు బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి నుంచి ముప్పయి మూడేళ్లుగా ఒక్క రోజైనా సెలవు అడగకుండా, నాకు నవ్వు వస్తున్న సంగతి నాకన్నా ముందే పసిగట్టి పైకి లేస్తున్నారు. ఇంతటి సమయపాలన మా ఊరి బస్సుకు కూడా లేదు.

మీరు ఉద్యోగంలో చేరిన రోజు నాకు బాగా గుర్తుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని మా ఊరి బడికి వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన సారు, తరగతి మొత్తాన్ని ఒకసారి పరికించి, "మీ ఊళ్లో ఎవరూ పళ్లు తోముకోరా?" అని అడిగారు. నలభై నోళ్లు ఒక్కసారిగా మూతపడ్డాయి. ఆ సాయంత్రం నేను వేపపుల్లతో మొదలుపెట్టి బొగ్గు, ఉప్పు, ఇటుకపొడి దాకా వెళ్లాను. చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది కానీ, ముందరి రెండు పళ్ల మీది గోధుమరంగు అడ్డచారలు చెక్కుచెదరలేదు. చెదరవు కూడా. గారపళ్లని అందరూ అంటారు గానీ, అది పైన పట్టిన గార కాదు. చిన్నతనంలో పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడే, తాగిన నీటిలోని ఫ్లోరైడ్ ఎనామిల్ పొరను పాడుచేసి వదిలిన గుర్తు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రమాణాలు చెబుతున్నా, గ్రానైటు రాళ్ల సందుల్లోంచి నీళ్లు తోడిన మా బోర్లకు ఆ లెక్క ఎన్నడూ పట్టలేదు. రాయిని ఎవరూ నిలదీయలేదు, బోరును ఎవరూ మందలించలేదు. సిగ్గుపడే పని మాత్రం ఆరో తరగతి పిల్లలకు వచ్చింది, దాని అమలు మీకు వచ్చింది.

ఇంతలోనే ఒక విడ్డూరం చెప్పాలి. పటిక, సున్నం కలిపి నీటిలోంచి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని 1970లలో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించి, దానికి "నల్లగొండ పద్ధతి" అని మా పేరే పెట్టారు; ఆ పేరు టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది. ఊరి పేరు ఖండాలు దాటి పోయింది, ఊరివాళ్ల నవ్వు మాత్రం అరచేయి దాటి రాలేదు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగినదీ మా జిల్లా గడ్డ మీదనే అయినా, ఎత్తు మీద ఉన్న మా వైపు పల్లెలు ఆ తర్వాత దశాబ్దాల పాటు బోరు నీళ్లే తాగాయి. ఆ నీళ్లకు నడుములు వంగి, కాళ్లు వంకర పోయి, మంచానికే అంటుకుపోయిన మనుషులను చూస్తూ పెరిగినదాన్ని కనుక, నా పళ్ల గోడు ఎంత చిన్నదో నాకు తెలుసు. అయినా చిన్న గోడుకే కదా మీరు ముప్పయి మూడేళ్లు పహరా కాశారు.

మీ సేవలు పతాకస్థాయిని అందుకున్నది నా పెళ్లిచూపుల నాడు. "పండ్లు కనబడనియ్యకు బిడ్డా" అని మా అమ్మ చెవిలో చెప్పి పంపింది. నేను తలవంచుకొని కూర్చుంటే, మునుగోడు దిక్కు నుంచి వచ్చిన పెళ్లికొడుకు కూడా మాట్లాడినప్పుడల్లా జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుంటున్నాడు. ఆయనకు జలుబు చేసిందేమోనని మా నాయన మిరియాల చాయ పెట్టించాడు. పెళ్లయిన మూడో రోజున గానీ మాకిద్దరికీ తెలియలేదు, ఒకే రకం నీళ్లు తాగి పెరిగామని. మా పెళ్లి ఆల్బంలో మూడు వందల ఫోటోలున్నాయి. పన్ను కనబడేది ఒక్కదానిలో, అది మా మేనమామది, కట్టుడు పన్ను.

హైదరాబాదులో ఒక దంతవైద్యశాల వారు నా పళ్ల మీద తెల్లటి పలకలు అతికిస్తామని చెప్పి, ఖర్చు రాసిన కాగితం చేతిలో పెట్టారు. అక్కడ గోడ మీది బొమ్మల్లో అందరి నవ్వూ ఒక్కటే, ఒకే అచ్చులో పోసిన పింగాణీ. పలకలు అతికించుకున్నవారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఎవరి నోరు వారిది. నేను మాత్రం ఇంటికి వచ్చి రొట్టెలు చేస్తూ పెనం మీది జొన్నరొట్టెను చాలాసేపు చూశాను. దాని మీద అక్కడక్కడ మాడిన మచ్చలున్నాయి, అచ్చం నా ముందరి పళ్ల మీది రంగు. మచ్చ పడని రొట్టెను మా ఇంట్లో ఎవరూ ముట్టరు, ఇంకా కాలలేదంటారు. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి, మీరు అంట్ల గిన్నెలో మునిగి ఉండగానే, నోరారా నవ్వి చూసుకున్నాను. బాగానే ఉన్నాను. బాగానే ఏమిటి, అందంగానే ఉన్నాను.

ఇక అసలు అభియోగానికి వస్తాను. నా కూతురు పట్నంలో కృష్ణా నీళ్లు తాగి పెరిగింది. దాని పళ్లు మల్లెమొగ్గల్లా ఉంటాయి. మొన్న టీవీ ముందు కూర్చొని పకపకా నవ్వుతూ, అది తన కుడి అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకని అడిగితే, "ఆడోళ్లు గట్లనే నవ్వుతరు గదమ్మా, నువ్వు నవ్వవా?" అంది. సర్కారు కొలువుల్లో కారుణ్య నియామకం ఉద్యోగి పోయిన తర్వాత జరుగుతుంది. మీరు బతికుండగానే, ఖాళీ కూడా లేనిచోట, మీ కొలువును వారసత్వంగా ఇచ్చేశారు. అక్కడ దాచవలసిన మచ్చ ఒక్కటైనా లేదు, కాపలా మాత్రం ఉంది.

కావున మిమ్మల్ని తక్షణం బదిలీ చేస్తున్నాను. వచ్చే ఆదివారం మా అక్క కొడుకు పెళ్లిలో, ఫోటో తీసేటప్పుడు, మా బిడ్డ కుడి చేతిని గట్టిగా పట్టుకొని ఉండడం మీ కొత్త విధి. ఎటు తిరిగి నిలబడితే అది కుదురుతుందో ఫోటోగ్రాఫరు చూసుకుంటాడు.

ఉత్తర్వు అందినట్లు కింద సంతకం చేయగలరు. పెన్ను పట్టేదీ మీరే కనుక, సాకులు చెల్లవు.

ఇట్లు,
మీ మణికట్టుకు పైన ఉండే మనిషి