స్టాన్లీ కప్పు గారికి, మిస్సిసాగా నుంచి

మహారాజశ్రీ స్టాన్లీ కప్పు గారి దివ్యసముఖానికి,

కెనడాలో టొరంటో పక్కనున్న మిస్సిసాగా నుంచి, ఉత్తర అమెరికా ఐసు హాకీ లీగ్‌లో ఏటా గెలిచిన జట్టు చేతికెళ్లే మీకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయడం పద్ధతి. కానీ కుశలంగా ఉన్నది మీరొక్కరే. దీపాల వెలుగులో, తెల్ల గ్లవుజులు వేసుకున్న మనుషుల సేవలో హాయిగా ఉన్నారు. మా కుశలం సంగతి మాట్లాడుకోవాలనే ఈ ఉత్తరం.

ఊళ్లు తిరగని రోజుల్లో మీ మకాం టొరంటోలో, యంగ్ స్ట్రీటూ ఫ్రంట్ స్ట్రీటూ కలిసే మూల మీద, హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో. మా జట్టు మేపుల్ లీఫ్స్ ఆడే స్టేడియం అక్కణ్ణుంచి ఏడెనిమిది నిమిషాల నడక. మంచు పడితే పది. ఇంత దగ్గర్లో ఉండి కూడా 1967 తర్వాత ఒక్కసారి మా గడప తొక్కలేదు మీరు. మా రాజమండ్రిలో ఎదురింటివాళ్లతో పదేళ్లుగా మాటల్లేకపోయినా, పెళ్లికి పిలిస్తే వచ్చి నాలుగు అక్షింతలు వేసి పోతారు. మీకు ఆ పాటి మొహమాటం కూడా లేకపోయింది.

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియనివి కావు. 1892లో కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ గారు లండన్‌లో పది గినీలు పెట్టి కొనిపించిన వెండి గిన్నె మీరు. పులిహోర కలుపుకోవడానికి సరిపోయేంత గిన్నె. దాని కింద పట్టీ మీద పట్టీ వేసి ఇప్పుడు మూడడుగుల ఎత్తు, పదిహేనున్నర కిలోల బరువు చేశారు. పెద్దాయన అసలు ఇచ్చింది డబ్బు కోసం కాక సరదాకి ఆడేవాళ్ల కోసమట. ఆ సరదా ఏమైందో నా మొహం చూస్తే తెలుస్తుంది.

నేను ఈ దేశానికి వచ్చింది 2013 జనవరిలో. హాకీ అంటే నాకు ధ్యాన్‌చంద్ గారు, గడ్డి మైదానం. ఇక్కడ చూస్తే కత్తుల్లాంటి బూట్లేసుకుని ఐసు మీద ఒకర్నొకరు గుద్దుకుంటున్నారు. ఆఫీసులో ఎవరో మిగిలిపోయిన నీలం జెర్సీ ఒకటి ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చింది కదా అని వేసుకున్నాను. పక్క సీటాయన ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు కొత్తగా వచ్చావు, నీకింకా టైముంది. వేరే జట్టు చూసుకో" అన్నాడు. జోక్ చేస్తున్నాడనుకున్నా.

ఆ మే 13న ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ అయ్యాక కప్పు కోసం జరిగే పోటీల్లో, బోస్టన్‌తో ఏడో మ్యాచ్. ఏడింట్లో నాలుగు గెలిచినవాళ్లు ముందుకి, ఓడినవాళ్లు ఇంటికి. మూడో పీరియడ్‌లో, అంటే చివరి ఇరవై నిమిషాల ఆటలో, లీఫ్స్ 4-1తో ముందున్నారు. రాజమండ్రిలో అప్పుడు తెల్లారింది. ఆగలేక నాన్నకి ఫోన్ చేశా. "గెలిచేశాం నాన్నా!" అన్నా. "మనమా? మనమంటే ఎవర్రా?" అన్నారాయన. దానికి జవాబు వెతుక్కుంటుండగానే బోస్టన్ వాళ్లు రెండోది కొట్టారు. ఆఖరి నిమిషంన్నరలో, ముప్ఫై ఒక్క సెకన్ల తేడాలో ఇంకో రెండు కొట్టి 4-4 చేశారు. ఓవర్‌టైమ్‌లో పని ముగించారు. మా ఆవిడ టీవీ కట్టేసి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని పడుకుంది.

మర్నాడు 401 హైవే మీద చూడాల్సింది మీరు. ఇక్కడ ప్లేఆఫ్స్ వస్తే కారు అద్దానికి చిన్న జెండా తగిలించుకుంటారు. ప్లాస్టిక్ పుల్ల, దానికో క్లిప్పు, పైన నీలం గుడ్డ. ఆ పొద్దున రోడ్డు వార అవే పడి ఉన్నాయి, వాన వెలిశాక రాలిన రెక్కల పురుగుల్లా. నాది పీకబోతే పుల్ల విరిగి చేతికొచ్చింది, క్లిప్పు మాత్రం అద్దానికీ రబ్బరుకీ మధ్య ఇరుక్కుపోయింది. కారు అమ్మేసేదాకా అది అలాగే ఉంది. కొన్నవాడు ఇదేమిటని అడిగాడు. చెప్పలేదు.

అసలు బాధ ఓడిపోవడం కాదండీ. మాంట్రియల్‌లో నాకో బావమరిది ఉన్నాడు.

టొరంటోకీ మాంట్రియల్‌కీ మధ్య 550 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఒకటి ఇంగ్లిష్ ఊరు, ఒకటి ఫ్రెంచ్ ఊరు. వాళ్ల జట్టు కెనేడియన్స్, ముద్దుగా హాబ్స్. మీ లెక్కలో వాళ్ల గెలుపులు 24, మావి 13. మావాడు అక్కడ చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసి, ఫ్రెంచ్ కూడా నేర్చుకున్నాడు. ఇప్పుడు గోంగూర పచ్చడి గురించి మాట్లాడినా ముక్కుతోనే మాట్లాడతాడు. ఇంట్లో మా ఆవిడది పుట్టింటి పార్టీ. కాబట్టి నేను మైనారిటీ.

వాడి దగ్గర ఒక కథ ఉంది, ఎన్నిసార్లు విన్నా నేను ఎదురు చెప్పలేను. 1955లో వాళ్ల దేవుడు మోరిస్ రిచర్డ్, రాకెట్ అనేవారు, బోస్టన్‌లో గొడవపడి, రిఫరీకి సాయంగా ఉండే లైన్స్‌మన్‌ని కొట్టాడు. లీగ్ ప్రెసిడెంట్ క్లారెన్స్ క్యాంప్‌బెల్ మిగిలిన సీజన్‌తో పాటు ప్లేఆఫ్స్ కూడా ఆడకూడదన్నాడు. శిక్ష వేసినవాడు ఇంగ్లిష్ దొర, పడినవాడు ఫ్రెంచ్ బిడ్డ. మార్చి 17 రాత్రి ఆ దొర ఏమీ ఎరగనట్టు మాంట్రియల్ ఫోరమ్‌కి మ్యాచ్ చూడటానికి వచ్చి కూర్చున్నాడు. టమాటాలు పడ్డాయి, గుడ్లు పడ్డాయి, చివరికి టియర్ గ్యాస్ డబ్బా పేలింది. మ్యాచ్ డెట్రాయిట్‌కి రాసిచ్చేశారు. జనం సెయింట్ కేథరిన్ వీధిలో పడి దుకాణాల అద్దాలు పగలగొట్టారు. మర్నాడు రిచర్డే రేడియోలో శాంతించమని అడగాల్సి వచ్చింది. "బావా, అది ఆట కాదు, భాష" అంటాడు మావాడు. నిజమే కాబట్టి ఒళ్లు మండుతుంది.

2021లో 42 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌లో మా రెండు జట్లూ ఎదురుపడ్డాయి. మేము 3-1తో ముందు. ఇంకొక్కటి గెలిస్తే చాలు. మూడు అవకాశాలు. ఇంకొకరైతే ఒకటైనా వాడుకుంటారు. ఏడో మ్యాచ్ మా స్టేడియంలోనే, కరోనా వల్ల 550 మంది ఆరోగ్య సిబ్బందిని మాత్రం పిలిచారు. ఏడాదికి పైగా చావులు చూసి అలిసిపోయిన ఆ పాపం మనుషుల్ని ఆనందంగా ఉండండని పిలిచి కూర్చోబెట్టి, వాళ్ల ముందు ఓడిపోయారు మా వాళ్లు. ఫోన్ మోగింది. "బావా, భోంచేశారా?" అన్నాడు బావమరిది. అంతే, ఇంకో ముక్క లేదు. తిట్టినా బాగుండేది.

అంతకు ముందు ఏడాది ఫిబ్రవరి సంగతి కూడా వాడు మర్చిపోనివ్వడు. కరోలినా జట్టు గోలీలిద్దరికీ, అంటే గోల్ కాసేవాళ్లిద్దరికీ, దెబ్బలు తగిలాయి. రూలు ప్రకారం స్టేడియంలో అత్యవసరానికి ఉంచిన ఆయన దిగాడు. డేవిడ్ ఏయర్స్, వయసు 42, రింకు మీద ఐసు చదును చేసే బండి నడిపిన మనిషి, మా లీఫ్స్‌కే ప్రాక్టీసులో సాయపడేవాడు. ఆయన మీద మేము 6-3తో ఓడిపోయాం, మా ఊళ్లో, మా ఐసు మీద. అప్పట్నుంచి మా ఇంటి ముందు స్నో తీసే బండి వస్తే చాలు, మా ఆవిడ "జాగ్రత్త, గోల్ వేయనివ్వడేమో" అంటుంది.

పోయిన డిసెంబరు సెలవుల్లో బావమరిది కుటుంబంతో వస్తే అందరం కలిసి మీ దర్శనానికి వచ్చాం. గుర్తుండకపోవచ్చు, రోజుకి ఎంతమందినో చూస్తారు. గుమ్మంలోనే గొడవ. మీరున్న ఆ పాత భవనం ఒకప్పటి బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్‌ది. "చూశావా బావా, మీ ఊళ్లో ఉన్నా మా బ్యాంకులోనే ఉంది" అన్నాడు. "1924లో మీ ఆటగాళ్లు కారు టైరు మార్చుకుంటూ కప్పుని రోడ్డు పక్కన మర్చిపోయి వెళ్లిపోయారు, అలాంటివాళ్లకి 24 సార్లు దక్కిందీ కప్పు" అన్నాను నేను. "1962లో మావాడొకడు షికాగోలో అద్దాల బీరువాలోంచి తీసుకుని మరీ ఇంటికి తెచ్చెయ్యబోయాడు, అంత ప్రేమ మాకు" అన్నాడు వాడు. పక్కనున్న ముసలాయనకి తెలుగు రాకపోయినా సంవత్సరాలు అర్థమయినట్టున్నాయి, నవ్వాడు.

లోపల పాత బ్యాంకు లాకరు గదిలో మీ అసలు గిన్నె, మీ ఒంటి మీంచి తీసేసిన పాత పట్టీలు ఉన్నాయి. మా అబ్బాయికి స్పెల్లింగుల పిచ్చి. 1963 గెలుపు దగ్గర ఆగిపోయాడు. "నాన్నా, మన టీమ్ పేరు తప్పు రాశారు!" లీఫ్స్‌లో ఎఫ్ ఉండాల్సిన చోట ఇ. పదమూడు సార్లు గెలిస్తే, అందులో ఒకసారి పేరు కూడా సరిగ్గా రాయలేదన్నమాట. రేషన్ కార్డులో ఇంటిపేరు తప్పు పడితే మండల ఆఫీసు చుట్టూ తిరిగి మార్పించుకున్నవాణ్ణి, ఇది ఎవర్ని అడగాలో తెలియలేదు.

మా ఒక్కరి గోడే అయితే ఇంత ఉత్తరం రాయను. మీ మూలాన దేశం మొత్తం ఇలాగే ఉంది. కాల్గరీలో నా స్నేహితుడున్నాడు, బీటెక్‌లో రూమ్మేట్. కాల్గరీకీ ఎడ్మంటన్‌కీ మధ్య 300 కిలోమీటర్లు, పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. 1986లో ఈ రెండు ఊళ్ల మధ్య ఏడో మ్యాచ్‌లో ఎడ్మంటన్ కుర్రాడు స్టీవ్ స్మిత్ పాస్ ఇవ్వబోతే పక్, అంటే బంతికి బదులుండే రబ్బరు బిళ్ల, సొంత గోలీ కాలికి తగిలి లోపలికి పోయింది. ఆ రోజు పాపం అతని పుట్టినరోజు. కాల్గరీలో నిన్న జరిగినట్టు చెప్తారు. మరుసటి ఏడు ఎడ్మంటన్ గెలిచినప్పుడు వాళ్ల కెప్టెన్ గ్రెట్జ్‌కీ మిమ్మల్ని అందుకుని మొదట ఆ స్మిత్ చేతుల్లోనే పెట్టాడట. ఆ ఒక్క సంగతి విన్నాక మాత్రం మీ మీద కోపం ఓ రెండు రోజులు తగ్గింది. కాల్గరీవాళ్లు ఈ భాగం చెప్పరు.

2024 జూన్ 24 రాత్రి ఆ స్నేహితుడు ఫోన్ చేశాడు. గొంతులో పెళ్లి సందడి. ఎడ్మంటన్ ఫైనల్లో 0-3 నుంచి 3-3 దాకా వచ్చి, ఏడో మ్యాచ్ 2-1తో ఫ్లోరిడాకి వదిలేసుకున్న రాత్రి అది. "మీ జట్టు ఏమైందిరా?" అన్నాను. "మాది ప్లేఆఫ్స్‌కే రాలేదు. కానీ వాళ్లకి రాలేదు కదా!" అన్నాడు. వాడికి నీతులు చెబుదామని నోరు తెరిచి మూసేశాను. మాంట్రియల్ 2021 ఫైనల్లో టాంపా చేతిలో ఓడినప్పుడు నేను మామిడికాయ పప్పుతో రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

ఈ లోపల మీరెక్కడికి వెళ్తున్నారో ఎవరూ చూడటం లేదు. 1993లో మాంట్రియల్ తర్వాత 2025 దాకా ఒక్క కెనడా ఊరికీ మీరు దక్కలేదు. టాంపాకి మూడుసార్లు వెళ్లారు. లాస్ ఏంజెలెస్‌కి రెండుసార్లు. అనాహైమ్, డాలస్, లాస్ వేగాస్. 2024లోనూ 2025లోనూ ఫ్లోరిడా, అక్కడ గెలిస్తే ఐసు మీదికి ప్లాస్టిక్ ఎలుకలు విసురుతారు. (ఎలుకలే నయం. డెట్రాయిట్‌లో 1952 నుంచి ఆక్టోపస్‌లు, నాష్‌విల్‌లో క్యాట్‌ఫిష్‌లు. మా గోదావరి వాళ్లయితే విసరరు, పులుసు పెడతారు.) మీరు వెళ్లిన ఆ టాంపాలూ వేగాస్‌లూ చెరువు గడ్డకట్టడం ఎరగని ఊళ్లండీ! ఇక్కడ మా పక్కింటాయన జనవరి అర్ధరాత్రి, మైనస్ పదిహేనులో, పెరట్లో పైపు పట్టుకుని నీళ్లు కొడుతుంటే మతిపోయిందేమో అనుకున్నాను. పిల్లలకి ఐసు రింకు చేస్తున్నాడట. పొర గడ్డకట్టేదాకా ఆగి మళ్లీ ఇంకో పొర. రెండు వారాలు ఇదే పని. ఆయన చేసే తపస్సుకి వరం ఫ్లోరిడాలో పడుతోంది.

2025 మేలో ఆ ఫ్లోరిడా మీదే మేము 2-0తో ముందుండి, ఏడో మ్యాచ్ సొంతగడ్డ మీద 6-1తో ఓడిపోయాం. జనం ఒంటి మీది జెర్సీలు విప్పి ఐసు మీద పారేశారు. నాది విసరలేదు, నేను ఇంట్లో ఉన్నాను కాబట్టి.

ఇక అసలు విన్నపం. మీ ఒంటికి ఐదు పెద్ద పట్టీలు, ఒక్కోదానికి పదమూడేళ్ల పేర్లు. ఇప్పుడు చెక్కుతున్న పట్టీ 2018లో మొదలైంది. ఏటా ఒక పేరు పడుతూ పోతే 2030తో నిండుతుంది. నిండితే పైనున్న పాతదాన్ని తీసి ఆ లాకరు గదిలో పెట్టేస్తారు. మా 1967 ఆ పాత పట్టీ మీదే ఉంది. అంటే ఈలోగా మీరు దయతలచకపోతే మీ ఐదు పెద్ద పట్టీల మీద టొరంటో అన్న మాటే ఉండదు. ఆటగాళ్లూ యజమానులూ డబ్బుల దగ్గర పేచీపడి అసలు ఆడని 2005 సీజన్‌కి మాత్రం చోటుంటుంది. ఆడలేదు అని కూడా చెక్కించుకున్నారు కదా మీరు. ఆడి ఓడినవాళ్లం మేము ఏం పాపం చేశాం?

ఈ సంగతి బావమరిదికి ఇంకా చెప్పలేదు. చెబితే 2030కి ఇప్పుడే టికెట్ బుక్ చేసుకుంటాడు.

ఇట్లు,
తమ పొరుగువాడు,
అదే నీలం జెర్సీ

తా.క.: ఆ రోజు ఫోటోలో మా బావమరిది మీ మీద చెయ్యి వేశాడు, గమనించే ఉంటారు. నేను రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడ్డాను. గెలవకుండా కప్పుని ముట్టుకుంటే అరిష్టమని ఆటగాళ్లు పాటిస్తారు కదా. "నువ్వు ఆడవు కదా నాన్నా?" అన్నాడు మా అబ్బాయి. ఎందుకైనా మంచిదన్నాను. మా బావమరిది వేలిముద్రలు ఎడమ పక్క, కింద నుంచి రెండో పట్టీ మీద ఉంటాయి. ఆ తెల్ల గ్లవుజుల ఆయనతో చెప్పి కాస్త తుడిపించుకోండి.