సవరణ: వేట నిషేధం ఉదాహరణ

రీజనింగ్‌కి చదువుకునేవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, సముద్రంలో చేపల వేటకి నిషేధం ఉండాలన్న వాదన ఒకటి ఇచ్చి, దానికి ఆధారమైన సూత్రం ఏదని అడిగాను. జవాబుగా "వేట నిషేధంలో చేపల ధర పెరుగుతుంది" అన్నదాన్ని సూత్రం అన్నాను. తప్పు నాదే, అది సాధారణీకరణ. తర్కం పాఠ్యపుస్తకాలు మళ్లీ తిరగేస్తే తేలింది.

సాధారణీకరణ జరిగేదాన్ని చెబుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం వల్ల మన ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు కట్టేసి ఉంటాయి. అప్పుడు వంజరం ధర అడగాలంటే గుండె గుభేలుమంటుంది. ఏళ్ల తరబడి చూసి అనుకున్న మాట ఇది. ఒక్క ఏడాది ధర పెరక్కపోయినా "ఎప్పుడూ పెరుగుతుంది" అన్నది వీగిపోతుంది.

సూత్రం ఏం చేయాలో, ఏం చేయకూడదో చెబుతుంది. "చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేటాడకూడదు" అన్నది సూత్రం. ఎవరో రాత్రిపూట దొంగచాటుగా వల వేశారనుకోండి, సూత్రం అబద్ధమైపోదు. వాళ్లు మీరారు, అంతే.

"తెప్పలకి నిషేధం లేదుగా మాస్టారూ" అని ఒకరు పట్టుకున్నారు. నిజమే, మోటారు లేని సంప్రదాయ పడవలకి మినహాయింపు ఉంది. దాంతో సూత్రం పరిధి తగ్గుతుందే తప్ప కొట్టుకుపోదు.

"ఈ వాదనకి ఆధారమైన సూత్రం ఏది?" అన్న ప్రశ్నకి ధరల వాక్యాన్ని జవాబుగా ఇచ్చాను. గుడ్ల వాక్యం అని దిద్దుకోండి.